కుంగిన మనస్సునకు విద్యుచ్చికిత్స

ఒడలు వెచ్చబడినచో చేయి వేసి చూతుము. కాలు విరిగినచో వాపు కంటికి గానవచ్చును. మనస్సునకు వచ్చిన రోగమును ముట్టి చూచుటకు మాత్రము తావు లేదు. కావున దానిని రోగమని నమ్ముటకే మన యిండ్లలో చాల కాలము పట్టును. నమ్మిన పిదపనైనను, వైద్యుడు మాత్రలు వ్రాసి యిచ్చినచో నొప్పుకొందుము గాని, విద్యుత్తుతో చికిత్స చేయవలసియున్నదని యన్నంతనే ఇల్లెల్ల నదరిపడును. "కరెంటు పెట్టిరట" యను మాట ఒకసారి వీధిలోనికి బోయినదా, ఆ యింటి ఆడుపిల్లల పెండ్లిమాటల వఱకు నది వెంబడించును.

ఈ మాసమున మేమీ విషయమును చేపట్టుటకు ఒక సోదరి వ్రాసిన జాబు కారణము. ఆమె తోడికోడలికి రెండవ కానుపై నాలుగు నెలలైనది. బిడ్డ యేడ్చినను తల త్రిప్పి చూడదట. పది దినములుగా గ్రుక్కెడు మజ్జిగ తప్ప నేమియు ముట్టలేదట. తాను మహాపాపిననియు, తన పాలు బిడ్డకు విషమనియు పలుకుచున్నదట. రెండు విధములైన మందులు వాడినను గుణము గానరాలేదు. వైద్యులు విద్యుచ్చికిత్స చేయుదమనిరి. అత్తగారు "మెదడు మాడిపోవును, పిల్ల శాశ్వతముగా పిచ్చిదగును" అని యడ్డుచున్నారు. మఱదిగారికి ఎటును పాలుపోకున్నది. "అమ్మా! ఈ వైద్యము రోగిని బాగుచేయునా, లేక నోరెత్తకుండ పడియుండునట్లు మాత్రము చేయునా?" అని యా సోదరి యడిగినది.

పత్రిక వెలువడు వఱకు ఆగదగిన స్థితి కాదు గనుక, రోగిని వెంటనే ఆసుపత్రిలో చేర్పింపుడని యామెకు వేఱుగ జాబు వ్రాసితిమి. ఆమె యడిగిన ప్రశ్న మాత్రము ఆమె యొక్కతెది కాదు. అందఱి యిండ్లలోను పుట్టదగినది. కావున నిచట సావకాశముగా విచారింతము.

విషాదము రెండు విధములు

విషాదమను మాట మనకు క్రొత్తది గాదు. భగవద్గీతలోని మొదటి యధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. అచ్చట వీరుని యవయవములు సడలుట, నోరెండుట, విల్లు చేజాఱుట మనమందఱము వినియే యున్నాము. మఱియొకచోట, చరకసంహితయొక్క సూత్రస్థానమున, ఎనుబది వాతవికారములను లెక్కించు పట్టున వడకు, ఆవులింత, వెక్కిలి మొదలగువాని నడుమ విషాదమును గూడ చేర్చిరి. అనగా పూర్వులు దీనిని రెండు తావులలో గుర్తించిరి. ఒకటి మంచి మాటతో, జ్ఞానముతో తొలగు దుఃఖము. రెండవది వైద్యుడు చూడవలసిన వికారము. మన యిండ్లలో జరుగు చెఱుపంతయు రెండవదానికి మొదటిదాని మందు వేయుటవలననే కలుగుచున్నది. కదలలేని కోడలిని కూర్చుండబెట్టి "నీకేమి తక్కువ? లేచి పని చూచుకొనుము" అని యుపదేశించుట, విరిగిన కాలితో నడువుమనుట వంటిది.

ఆప్తులు పోయినప్పుడు కలుగు శోకము, ధననష్టమువలని దిగులు, అత్తింటి మాటలవలని నొప్పి ఇవి యన్నియు దుఃఖములే గాని రోగములు గావు. కాలము, ఆప్తుల యాదరము వానికి మందు. రోగమైన విషాదము వేఱు. రెండు వారములకు మించి ప్రతిదినము మనస్సు క్రుంగియుండుట, ఇష్టమైనదానియందును రుచి నశించుట, నిద్ర చెడుట, ఆకలి మాయమగుట, తాను పనికిరానిదాననని తోచుట, చావు మేలనిపించుట దాని గుఱుతులు. ఈ రోగము పురుషులకంటె స్త్రీలలో సుమారు ఒకటిన్నర రెట్లు హెచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గర్భిణులలోను, బాలింతలలోను నూటికి పదిమందికి మించి దీని పాలగుచున్నారు. అందఱికిని విద్యుచ్చికిత్స యక్కఱలేదు. చాలమందికి మాటల చికిత్సయు, మాత్రలును చాలును. అవి చాలని వేళ, లేదా అవి పనిచేయు వఱకు ఆగుటకు వ్యవధి లేని వేళ ఈ చికిత్స ప్రస్తావనకు వచ్చును.

ఇది యెట్లు పుట్టినది?

దీని కథలో మొదటి వస్తువు మన దేవునిగూటిలోని కర్పూరమే. 1934వ సంవత్సరమున హంగరీదేశపు బుడాపెస్టు నగరమున లాడిస్లాస్ మెడూనా యను వైద్యునకు, మూర్ఛరోగమును స్కిజోఫ్రెనియా యను మనోరోగమును ఒకదానికొకటి పగయని తోచినది. ఒకదానిని కల్పించిన రెండవది తొలగునేమోయని, ఆయన నూనెలో కలిపిన కర్పూరమును రోగుల కండలోనికి సూదితో నెక్కించి మూర్ఛ తెప్పించెను. ఆ పగ యను సిద్ధాంతము తరువాత నిలువలేదు. కాని కొందఱు రోగులు నిజముగ తేఱుకొనిరి. కర్పూరమునకు బదులు కార్డియజాల్ అను మందు వాడుకలోనికి వచ్చినది. అది మూర్ఛ తెప్పించుటకు ముందు రోగికి చెప్పరాని భయమును గలిగించెడిది.

ఇటలీదేశమున రోమునగరపు వైద్యులు ఊగో చెర్లెట్టి, లూచియో బీనీ యనువారు మూర్ఛను విద్యుత్తుతో తెప్పింపవచ్చునాయని విచారించిరి. ఆ నగరపు కబేళాలో పందులను కోయుటకు ముందు వాని తలకు విద్యుత్తు తగిలించి మైకము గొల్పెడివారు. పందులు విద్యుత్తువలన చావక మూర్ఛిల్లుటయే చెర్లెట్టి గమనించి, మనుష్యునకు హాని లేని మోతాదు గలదని నిశ్చయించెను. 1938 ఏప్రిలు మాసమున, రైల్వేస్టేషనులో తిరుగాడుచు పొందిక లేని మాటలాడుచున్న యొక వ్యక్తికి మొదటి చికిత్స జరిగినది. కబేళాతో ముడిపడిన యీ పుట్టుకయే దీనికి తీఱని యపకీర్తి తెచ్చినదని మాకు దోచును. తరువాతి సంవత్సరములలో, ఇది మొదట ఏ రోగమునకై పుట్టినదో దానికంటె తీవ్రమైన విషాదమునకే హెచ్చు గుణమిచ్చునని తేలినది.

అత్తగారి భయము నిరాధారము గాదని చెప్పవలెను. తొలి దినములలో మత్తుమందు లేకుండగనే చేసెడివారు. ఒడలంతయు బిగిసి కొట్టుకొనుటచే వెన్నుపూసలు నలిగినవి, ఎముకలు విరిగినవి. కొన్ని ఆశ్రమములలో మాట విననివారిని దండించుటకును దీనిని వాడిరి. 1962లో కెన్ కేసీ వ్రాసిన ఆంగ్ల నవలయు, 1975లో దానినిబట్టి తీసిన చలనచిత్రమును ఆ దుర్వినియోగమునే చూపి లోకమున భయమును నాటినవి. మన దేశమునందును చాల కాలము పలుచోట్ల మత్తు లేకుండ చేసిరి. పెద్దవారు వినియున్న కథలు అప్పటివి. ఇప్పుడు చేయు విధము వేఱు.

ఇప్పుడు చేయు విధము

చికిత్సకు ముందు గుండె, రక్తపుపోటు, రక్తము, పండ్లు మొదలగువానిని పరీక్షింతురు. ఉబ్బసము, కదలు పండ్లు, గర్భము, వాడుచున్న మందులు వీనిలో దేనిని దాచరాదు. ముందునాటి రాత్రినుండి అన్నము పెట్టరు. శస్త్రచికిత్సకు వలెనే ఇది మత్తునకై చేయు నియమము.

ఉదయమున రోగిని బల్లపై పరుండబెట్టి, చేతినరమునకు సూదితో మత్తుమందిత్తురు. కొన్ని క్షణములలో నిద్రపట్టును. పిదప సక్సినైల్‌కోలిన్ అను మందిచ్చి కండరములను సడలింతురు. ఈ మందు 1950ల తొలి సంవత్సరములనుండి వాడుకలోనికి వచ్చిన పిదపనే యెముకలు విరుగు గోడు తీఱినది. మత్తువైద్యుడు ప్రాణవాయువు నందించుచుండును. పండ్లనడుమ మెత్తని రబ్బరు దిమ్మె నుంతురు. తరువాత రెండు కణతలపై గాని, కుడికణతయందును నడినెత్తికి చేరువగను గాని, నొసటి రెండుప్రక్కల గాని రెండు పలకలను ఆనించి, కొద్ది సెకండులు మాత్రము విద్యుత్తును పంపుదురు.

ఇది గోడలోని ప్లగ్గునందలి కరెంటు వలె ఎడతెగక ప్రవహించునది గాదు. యంత్రము దానిని చిన్న చిన్న తునుకలుగా చేసి యిచ్చును. ఒక్కొక్క తునుక సెకండులో వేయవ వంతు, లేదా రెండువేలవ వంతు కాలముండును. ప్రవాహము ఒక ఆంపియరునకు లోపలనే. దానిచే మెదడునందు మూర్ఛ పుట్టి, తఱచుగా 20 మొదలు 60 సెకండుల వఱకు నిలిచి, తనంత తాను ఆగును. కండరములు సడలియుండుటచే పైకి కనబడునది స్వల్పము. కొందఱు వైద్యులు చీలమండకు రక్తపుపోటు చూచు పట్టీని బిగించి, సడలించు మందు ఆ పాదమునకు పోకుండ జేయుదురు. ఆ పాదము కదలుటను జూచి మూర్ఛ వచ్చినదని గుర్తింతురు. మెదడులోని యలలను కాగితముపై గాని, తెరపై గాని గమనింతురు. కొద్ది నిమిషములకు రోగి కన్ను తెఱచును. ఆమెకు సూది గ్రుచ్చిన నొప్పి తప్ప చికిత్సయొక్క యెఱుక యుండదు.

ఒక్కసారితో ముగియునది గాదు. వారమునకు రెండు మూడు పర్యాయములు చొప్పున, సాధారణముగా 6 మొదలు 12 వఱకు చేయుదురు.

ఇది యెట్లు పనిచేయును?

జాబు వ్రాసిన సోదరికి అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యిదియే. మెదడులో కోట్లకొలది నరపుకణములు గలవు. అవి యొకదానితో నొకటి స్వల్పమైన విద్యుత్తుతోను, కొన్ని రసాయనములతోను సంభాషించుచుండును. అనగా విద్యుత్తు మెదడునకు పరాయిది గాదు. చికిత్సలో పంపు విద్యుత్తు పొయ్యికి అగ్గిపుల్ల వంటిది. అన్నము నుడికించునది పొయ్యిలోని మంట. ఇచ్చట మంట యనగా మూర్ఛ. మత్తు మాత్రమిచ్చి విద్యుత్తు పంపనివారితో నిజముగ పంపినవారిని పోల్చి చూచిన పరీక్షలు జరిగినవి. 2003లో ఆంగ్లదేశపు పరిశోధకులు అట్టి 6 పరీక్షలను, 256 మంది రోగులను ఒకచో గూర్చి చూడగా, నిజమైన చికిత్సయే స్పష్టముగ మేలైనదని తేలినది. కావున గుణము కేవలము నిద్రవలన గాని, వైద్యుల యాదరమువలన గాని కలిగినది గాదు.

అట్లని మూర్ఛ వచ్చినంత మాత్రమున చాలదు. కుడిప్రక్క మాత్రమే పలకలుంచి, మూర్ఛకు చాలునంత కనీసపు విద్యుత్తిచ్చినచో మూర్ఛ వచ్చినను విషాదము తగ్గుట స్వల్పమని పరిశోధనలు చూపినవి. ఎక్కడ, ఎంత యను రెండును ముఖ్యములు. మూర్ఛ పుట్టుటకు కావలసిన మోతాదు మనిషి మనిషికి మిక్కిలి భేదించును. స్త్రీలకు సగటున తక్కువ చాలును. వయస్సు మీఱినకొలది హెచ్చు కావలయును. కావున మంచి వైద్యుడు మొదటినాడు కొంచెము కొంచెముగా పెంచి ఆ రోగి మోతాదును కనుగొని, తరువాత దానినిబట్టి లెక్క కట్టును.

మూర్ఛ పిదప మెదడున జరుగునదేమి? శాస్త్రజ్ఞులు పలు మార్పులను గుర్తించిరి. సెరొటోనిన్, డోపమిన్ మొదలగు వార్తాహర రసాయనముల వ్యాపారము మాఱును. మూర్ఛ నాపుటకు మెదడు తన కళ్లెమును తానే బిగించుకొనును. చికిత్స సాగినకొలది మూర్ఛ తెప్పించుట కష్టమగుటయే దీనికి సాక్ష్యము. మూర్ఛను కల్పించు నీ వైద్యము మూర్ఛను అణచు శక్తిని పెంచుట చిత్రము గదా! నరపుకణములను పోషించు పదార్థములు పెరుగును. జంతువులలో హిపోకాంపస్ అను జ్ఞాపకస్థానమున క్రొత్త కణములు పుట్టుట చూచిరి. మనుష్యులలో ఆ భాగము కొంత పెరుగుట చిత్రములలో గానవచ్చినది. అయితే పెరిగిన కొలతకును రోగి తేఱిన కొలతకును సరిపోలిక కుదురలేదు. నిద్ర, ఆకలి, తాపము వీనిని పాలించు లోతైన భాగములును, శరీరమునందలి వత్తిడి రసములును సర్దుకొనును. వీనిలో నేది మూలమో, ఏది ఫలమో శాస్త్రమింకను తేల్చలేదు. మెదడు మాడునను మాటకు మాత్రము ఆధారము లేదు. చికిత్సకు ముందును వెనుకను తీసిన చిత్రములలో అట్టి గాయము కనబడలేదు.

తఱచుగా మొదట తిరిగివచ్చునవి నిద్రయు, ఆకలియు. ఇంటివారికి మార్పు కనబడిన కొన్నాళ్లకు గాని రోగికి తెలియదు. "నేడు చారు అడిగినది" అని తల్లి సంతోషించునాడు, బిడ్డ "నాకేమియు బాగుపడలేదు" అనును. అప్పుడు నిరాశపడరాదు. మాత్రలు పనిచేయుటకు నాలుగారు వారములు పట్టుచుండగా, దీని గుణము మొదటి రెండు వారములలోనే కానవచ్చుట సామాన్యము. అన్నము మానినవారికి ఈ వ్యవధియే ప్రాణము.

నోరెత్తకుండ చేయునాయను ప్రశ్నకు సమాధాన మిదియే: గుణమిచ్చినచో ఈ చికిత్స మూగవోయినవారిని మాటలాడించును. కదలక, పలుకక, శిలవలె నుండిపోవు కెటటోనియా యను స్థితికి ఇది ప్రధానమైన మందులలో నొకటి.

లాభనష్టములు

తీవ్రమైన విషాదమున, మందులకు లొంగనివారిని గూడ చేర్చుకొని, సగముకంటె హెచ్చుమంది దీనిచే గుణము నొందుదురు. ముదుసలులలోను, పాపభీతి, విషభ్రమ వంటి భ్రాంతులతో గూడిన విషాదములోను ఫలము మఱింత హెచ్చు. ఆ తోడికోడలి మాటలు సరిగా ఇట్టి భ్రాంతులే.

ప్రాణాపాయము లక్ష చికిత్సలకు సుమారు రెండని 2017లో పలు దేశముల లెక్కలను గూర్చి కట్టిరి. ఇది చిన్న శస్త్రచికిత్సలకిచ్చు మత్తులోని యపాయమువంటిదే. మెదడులో ఒత్తిడి హెచ్చినవారికి, క్రొత్తగా గుండెపోటు గాని పక్షవాతము గాని వచ్చినవారికి అపాయము పెరుగును గనుక వైద్యులు మిక్కిలి జాగ్రత్త పడుదురు. గర్భిణులకు గూడ తగిన కావలితో చేయవచ్చును. మత్తు తేఱిన పిదప బిడ్డకు పాలిచ్చుటకు సాధారణముగా నడ్డు లేదు. వాడు మందులనుబట్టి వైద్యు నడుగవలెను. తలనొప్పి, ఒడలినొప్పులు, వికారము, కొంతసేపు తికమక ఇవి తఱచుగ కలుగునవి, అవి తీఱిపోవును.

మఱపు మాత్రము పెద్ద మాట. దానిని తేలికచేసి చెప్పు వైద్యుని మాటను మీరు నమ్మవలదు. సర్వము మఱచిపోవుదురని భయపెట్టు పొరుగమ్మ మాటనును నమ్మవలదు. చికిత్స జరుగు వారములలో క్రొత్త సంగతులు నిలువకపోవుట సామాన్యము; అది ముగిసిన కొలది వారములలో ఈ శక్తి తిరిగివచ్చును. చికిత్సకు ముందటి కొన్ని వారముల, నెలల సంగతులలో కొన్ని మాత్రము కొందఱికి ఎన్నటికిని తిరిగిరావు. బిడ్డ మొదటి నవ్వు, ఒక పండుగ, ఒక ప్రయాణము పోవచ్చును. ఇది స్త్రీకి చిన్న నష్టము గాదు. ప్రాణము నిలుచుటకు ఇది వెలయని యెంచి యొప్పుకొనువారు గలరు, ఒప్పుకొననివారును గలరు. రెండు కణతలపై పెట్టుటకంటె కుడిప్రక్క మాత్రమే పెట్టినచో మఱపు తగ్గును. కావున "ఏ ప్రక్క పెట్టుదురు? ఎందుకు?" అని యడుగుట రోగి హక్కు.

మఱియొక సంగతి. ఈ చికిత్స రోగమును దింపును గాని తిరిగిరాకుండ తాళము వేయదు. 2001లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో, కోలుకొన్నవారికి ఉత్తమాత్ర మాత్రమిచ్చి విడువగా ఆఱు నెలలలో నూటికి 84 మందికి రోగము తిరుగబెట్టినది. నార్‌ట్రిప్టిలిన్, లిథియము అను రెండు మందులను గలిపి యిచ్చినవారిలో అది 39కి దిగినది. అందుచే బాగైనదని సంతోషించి మాత్రలను అటకపై బెట్టుట మహాప్రమాదము. కొందఱికి నెలకొకసారి వంతున చికిత్సను కొంతకాలము సాగింతురు.

దీనికి బదులేదియు లేదాయన్న, భ్రాంతులు లేని మొండి విషాదమున కీటమిన్ అను మందు నరమునకెక్కించిన దీనికి తీసిపోదని 2023లో ప్రకటించిన యొక పరిశోధన చూపినది. అయస్కాంతముతో చేయు చికిత్సయు గలదు. అందు మత్తు లేదు, మూర్ఛ లేదు. ఇవియు వైద్యు నడుగదగినవి.

ధర్మము, శాసనము

మన దేశమున 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29వ తేదినుండి అమలునకు వచ్చినది. మత్తును కండరములు సడలించు మందును ఇవ్వక విద్యుచ్చికిత్స చేయుటను అది నిషేధించినది. అదే ప్రకరణమున మనోరోగులను గొలుసులతో బంధించుటను, రోగమునకు మందను నెపమున గర్భనిరోధక శస్త్రచికిత్స చేయుటను గూడ నిషేధించిరి. పదునెనిమిదేండ్ల లోపువారికి ఈ చికిత్స చేయరాదు. తప్పనిసరియైనచో సంరక్షకుని సమ్మతియు, ముందుగా సమీక్షామండలి యనుమతియు కావలెను. అత్యవసరమను పేరున సమ్మతి లేకయే చేసివేయుటకును వీలు లేదు.

సోదరీమణులారా! ఈ మాట పదిసార్లు చదువుడు. సమ్మతి యనగా రోగి సమ్మతి. భర్త, అత్త, మామ, అన్నదమ్ములు మంచివారైనను, ఆమెకు తెలివి యున్నంతవఱకు ఆమె మాటయే మాట. ఆమెకు తెలియు భాషలో, లాభనష్టములు రెండును చెప్పిన పిదప తీసికొన్నదే సమ్మతి. ఒకసారి యొప్పుకొన్నను, నడుమ వలదనవచ్చును. నాకు తెలివి తప్పినచో నా పక్షమున నీ వ్యక్తి మాటలాడవలెనని ప్రతి వయోజనురాలును ఆరోగ్యముగా నున్నప్పుడే వ్రాసి యుంచుకొనవచ్చును. ఆ వ్యక్తి భర్తయే కానక్కఱలేదు. తల్లి కావచ్చును, అక్క కావచ్చును, నమ్మిన స్నేహితురాలు కావచ్చును.

మొండితనమునకు, ఎదురుమాటకు, కాపురమునందలి కలహమునకు ఇది మందు గాదు. వైద్యుడు రోగిని ఏకాంతముగా పలుకరింపక, ఇంటివారి మాట మాత్రము విని చికిత్సకు దినము నిర్ణయించినచో, మఱియొక వైద్యుని సలహా తీసికొనుడు.

ఇంటివారు చేయవలసినది

చికిత్సకు ముందు ఒక పుస్తకము కుట్టి, రోగి దగ్గఱ కూర్చుండి ముఖ్యమైన సంగతులు వ్రాయుడు: నగలెచ్చట నుంచినది, పాలవానికి బాకీ యెంత, బిడ్డకు తరువాతి టీకా యెన్నడు, బ్యాంకు కాగితములేవి, ఎవరు ఎప్పుడు చూడవచ్చిరి. చికిత్స జరుగు దినములందును ప్రతి సాయంకాలము నాలుగు పంక్తులు వ్రాయించుడు. మఱచినచో చదివి చెప్పుటకు వీలగును. బిడ్డ చిత్రములు తీసి తేదులు వేసి యుంచుడు. పోయిన జ్ఞాపకము తిరిగిరాకున్నను, దాని కథ యుండును.

చికిత్స జరిగిన దినమున ఒకరు ప్రక్కన నుండవలెను. ఆమెను పొయ్యి దగ్గఱకు పంపవలదు, బండి నడుపనీయవలదు, ఆ వారములలో ఆస్తి కాగితములపై సంతకము చేయింపవలదు. "నిన్న చెప్పితిని గదా, మఱచితివా?" అను మాట నోటికి రానీయకుడు. వచ్చినవారికి వ్యాధిని గూర్చి ఎంత చెప్పవలెనో ఆమెయే నిర్ణయించుగాక. పిదప చావుమాట తిరిగి వినబడినను, నిద్ర మరల చెడినను నిర్లక్ష్యము చేయక వైద్యునకు తెలుపుడు. రాత్రివేళ దిక్కుతోచనిచో, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము స్థాపించిన టెలి మానస్ అను సహాయకేంద్రమునకు 14416 సంఖ్యతో మాటలాడవచ్చును. పగలు రాత్రి పలుకుదురు, తెలుగునను పలుకుదురు, రుసుము లేదు.

జాబు వ్రాసిన సోదరికి తుదిగా నొక మాట. మీ అత్తగారిని ఎదిరింపకుడు. ఆసుపత్రికి వెంటగొనిపోయి వైద్యుని నోటనే అన్నియు విననిండు. భయము ప్రేమవలన పుట్టినప్పుడు తెలివిడి దానిని మరలించును. మీ తోడికోడలు కొంచెము తేఱుకొని మాటలాడగల్గినంతనే ఆమె చేయి పట్టుకొని యడుగుడు. ఒప్పుకొన్నచో ధైర్యముగా చేయింపుడు. ఒప్పుకొననిచో వేఱు చికిత్సలు గలవు. అంతవఱకు ఆమె చెంత నెవరైన నొకరు పగలును రాత్రియు కనిపెట్టి యుండుట మాత్రము మఱువకుడు. నేడు అన్నిటికంటె ముందు చేయవలసినది అదియే.